నీళ్ళు తీశాక ఇల్లు నిలబడేదెలా?



తుపాను గురించి మన పుస్తకాల్లో పాఠం ఉంది. సముద్రంలో అల్పపీడనం ఎలా ఏర్పడుతుందో, అది వాయుగుండమై, తుపానుగా ఎలా మారుతుందో చదువుకుని పరీక్షలో రాస్తాం. తుపాను తీరం దాటడంతో ఆ పాఠం అయిపోతుంది. మన ఇళ్ళలో మాత్రం అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. నీళ్ళు తీశాక ఏం చేయాలి, ఏది ముందు, ఏది తరువాత అన్న సంగతి ఏ పుస్తకంలోనూ వివరంగా కనబడదు. మనలో ఎక్కువమంది కూలిపని చేసేవాళ్ళ పిల్లలం, కౌలు రైతుల పిల్లలం. మన కాలనీలు చాలాచోట్ల ఊరి పల్లంలో, డ్రెయిను గట్టు మీద, ఏటి ఒడ్డున ఉంటాయి. నీళ్ళు ముందు వచ్చేది అక్కడికే, చివరగా తీసేది కూడా అక్కడే. అందుకే ఈ వ్యాసం.

ఏ నీరు ఏం వదిలి వెళుతుంది?

వరద అంతా ఒకటే అనుకుంటాం. కానీ వచ్చిన నీటిని బట్టి అది వదిలివెళ్ళే నష్టం మారుతుంది, దానితోపాటు మనం చేయవలసిన పని కూడా మారుతుంది. మన ప్రాంతంలో నాలుగు రకాలు చూశాం.

మొదటిది సముద్రపు నీరు. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చింది. నాగాయలంక, కోడూరు వైపు సముద్రం ఒడ్డున ఉన్న పల్లెలు చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి. సుమారు 10 వేలమంది చనిపోయారు. ఉప్పెన నీరు వెనక్కి పోతూ పొలంలో, చెరువులో ఉప్పు వదిలిపోతుంది. ఇల్లు కట్టుకోవడం ఒక ఎత్తు, ఆ నేలను మళ్ళీ పంటకు తెచ్చుకోవడం మరో ఎత్తు.

రెండవది నది నీరు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.10 లక్షల క్యూసెక్కులతో పారింది. లంక గ్రామాలు మునిగాయి, విజయవాడలో కృష్ణలంక మునిగింది, దిగువన గుంటూరు జిల్లావైపు ఓలేరు దగ్గర కరకట్టకు గండిపడి రేపల్లె ప్రాంతం నీటిపాలైంది. నది నీరు ఒకచోట మంచి ఒండ్రు వదులుతుంది, మరొకచోట ఇసుక మేట వేస్తుంది. ఒండ్రు పడిన రైతు మరుసటి ఏడు కోలుకుంటాడు. ఇసుక మేట పడినవాడు ముందు ఆ ఇసుకను ఎత్తిపోయించుకోవాలి.

మూడవది పట్నంలోని వాగు నీరు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన భారీ వర్షానికి బుడమేరు పొంగింది. మళ్ళింపు కాలువకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 2న కృష్ణలో కూడా 11.43 లక్షల క్యూసెక్కుల వరద ఉండడంతో వాగు నీరు నదిలోకి పోయే వీలు లేకపోయింది. అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, జక్కంపూడి వైపు కాలనీల్లో నీళ్ళు రోజుల తరబడి నిలిచిపోయాయి. సైన్యం సాయంతో సెప్టెంబరు 7 నాటికి గండ్లు పూడ్చారు. అదే సమయంలో 2009లో మునిగిన కృష్ణలంకను నది ఒడ్డున కట్టిన రక్షణ గోడ చాలావరకు కాపాడింది. ఊరి మధ్యలో నిలిచిన నీటిలో మురుగు, డీజిలు, చచ్చిన జంతువులు అన్నీ కలుస్తాయి. అది వదిలిపోయేది నల్లటి కంపు బురద. దానితోపాటే జబ్బులు వస్తాయి.

నాలుగవది గాలి, వాన. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను, 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటిన మొంథా తుపాను ఈ రకం. ఇంటిలోకి నీరు రాకపోయినా పైకప్పు రేకులు లేచిపోతాయి, వరి నేలకు ఒరిగిపోతుంది, కోసిన పనలు తడిసిపోతాయి.

ఒక మంచి మార్పు కూడా చెప్పుకోవాలి. 1990 మే 9న మళ్ళీ మన కృష్ణా తీరాన్నే పెద్ద తుపాను తాకింది. అప్పటికి హెచ్చరికలు, తుపాను షెల్టర్లు వచ్చాయి. లక్షలాది మందిని ముందుగానే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యిలోపే ఆగింది. ప్రాణాలు కాపాడుకోవడం మన ప్రాంతం నేర్చుకుంది. ప్రాణంతో బయటపడిన కుటుంబం తరువాత ఎలా బతుకుతుంది అన్నది మాత్రం ఇంకా నేర్చుకోవలసిన పాఠమే.

ఇంటిలో అడుగు పెట్టే ముందు

నీళ్ళు తీయగానే అందరం పరుగున ఇంటికి వెళతాం. సామాను ఏమైందో అని ఆత్రం. అక్కడ ఒక్క నిమిషం ఆగాలి.

మట్టిగోడల ఇల్లయితే నీళ్ళు ఉన్నప్పటికంటే తీసిన తరువాతే కూలే ప్రమాదం ఎక్కువ. నానిన గోడకు అంతవరకు నీళ్ళ ఒత్తిడి ఆనుగా ఉంటుంది. అది పోయాక గోడ బరువుకు కుంగుతుంది. గోడ పగిలిందా, వాలిందా, దూలం పక్కకు జరిగిందా అని బయట నుండే చూడాలి. అనుమానం ఉంటే ఆ రాత్రి అందులో పడుకోవద్దు.

కరెంటు మెయిన్ స్విచ్ తడిచేతితో ముట్టకూడదు. మీటరు బోర్డు, ప్లగ్గులు మునిగి ఉంటే ఎలక్ట్రీషియన్ చూసేవరకు కరెంటు వేయవద్దు. ఫ్యాను, ఫ్రిజ్, టీవీ ఆరినట్టు కనబడినా లోపల తడి ఉంటుంది. తెగిపడిన తీగ ఉంటే దగ్గరకు పోకుండా 1912 నంబరుకు చెప్పాలి. గ్యాస్ వాసన వస్తే అగ్గిపుల్ల గీయకుండా, స్విచ్ వేయకుండా తలుపులు తెరిచి బయటకు రావాలి. ఆటో, బైకు మునిగితే స్టార్టు చేసి చూడవద్దు. ఇంజనులోకి చేరిన నీటితో నడిపితే చిన్న ఖర్చుతో పోయేది పెద్ద ఖర్చవుతుంది. మెకానిక్ దగ్గరకు తోసుకుని వెళ్ళి ఆయిలు మార్పించాలి.

బీరువా కింద, బియ్యం డబ్బాల వెనక, మంచం కింద పాములు చేరతాయి. దివిసీమలో వానాకాలం పాముకాట్లు ఎక్కువన్న సంగతి అవనిగడ్డ వైపు పిల్లలకు నేను చెప్పనక్కరలేదు. కర్రతో కదిపి, చప్పుడు చేసి, తరువాతే చేయి పెట్టాలి. కాటు పడితే కోయడం, పీల్చడం, గట్టిగా తాడు కట్టడం చేయకుండా, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపోవాలి. మందు అక్కడే ఉంటుంది.

ఇవన్నీ చూసుకున్నాక, బురద ఎత్తడానికి ముందు ఇంకొక పని ఉంది. ఫోన్‌తో ఫోటోలు తీయండి. గోడ మీద నీటి మట్టం గుర్తు, పడిన గోడ, తడిసిన బియ్యం, పాడైన కుట్టుమిషను, మునిగిన ఆటో అన్నిటినీ తీయాలి. పశువు చనిపోతే పూడ్చకముందే ఫోటో తీసి పశువైద్యుడికి చూపించి కాగితం రాయించుకోవాలి. కడిగేసిన ఇంటికి నష్టం జరిగిందని తరువాత నమ్మించడం కష్టం.

ఆ తరువాత బురద ఎండిపోకముందే ఎత్తేయాలి. ఎండితే గడ్డకట్టి పారకు కూడా రాదు. విజయవాడలో 2024లో అగ్నిమాపక శకటాలతో ఇళ్ళు, వీధులు కడిగారు. పల్లెల్లో ఆ పని మనమే నలుగురం కలిసి చేసుకోవాలి. పనిచేసేటప్పుడు కాళ్ళకు చెప్పులైనా, బూట్లైనా ఉండాలి. గోడలు పూర్తిగా ఆరేవరకు సున్నాలు, రంగులు వేయవద్దు, పెచ్చులుగా రాలిపోతాయి.

తాగే నీరే మొదటి మందు

వరద తరువాత వాంతులు, విరేచనాలు, కామెర్లు మొదలవుతాయి. మూలం తాగే నీరు. మన డెల్టా పల్లెల్లో చాలావరకు మంచినీటి చెరువు నీళ్ళే ఆధారం. చెరువులోకి వరద చేరితే అది శుభ్రపడేవరకు ట్యాంకర్ నీళ్ళైనా సరే కాచి తాగాలి. కళపెళ మరిగిన తరువాత ఒకటి రెండు నిమిషాలు ఉంచి దించి, మూతపెట్టి చల్లార్చాలి.

బ్లీచింగ్ పౌడరు లెక్క పదో తరగతి పిల్లవాడు చేయగలిగినదే. మామూలు రోజుల్లో 1,000 లీటర్ల నీటికి మంచి బ్లీచింగ్ పౌడరు 2.5 గ్రాములు. గుండ్రటి బావిలో నీళ్ళెన్నో కనుక్కోవాలంటే అడ్డం కొలతను అదే కొలతతో హెచ్చించి, దాన్ని నీటి లోతుతో హెచ్చించి, 3.14తో హెచ్చించి, 4తో భాగించాలి. కొలతలు మీటర్లలో ఉంటే వచ్చిన జవాబును 1,000తో హెచ్చిస్తే లీటర్లు. 2 మీటర్ల అడ్డం, 3 మీటర్ల నీరు ఉన్న బావిలో 9,420 లీటర్లు ఉంటాయి, సుమారు 24 గ్రాముల పౌడరు కావాలి. అయితే ఇది మామూలు రోజుల లెక్క. వరద మురికి చేరిన బావిని, సంపును ముందు తోడి శుభ్రం చేయాలి. మోతాదు కూడా పెంచాలి. ఎంత పెంచాలో ఆరోగ్య కార్యకర్త క్లోరిన్ పరీక్ష చేసి చెబుతారు. పౌడరును నేరుగా చల్లకుండా బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీటినే పోయాలి. గంట ఆగిన తరువాతే వాడాలి.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ వచ్చేవరకు ఎదురుచూడనక్కరలేదు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. చెంచా అంటే చిన్న టీ చెంచా, పైన తుడిచిన కొలత. కాళ్ళకు పుండ్లతో బురదలో తిరిగినవారికి జ్వరం, ఒళ్ళునొప్పులు, కళ్ళు ఎర్రబడడం కనిపిస్తే మామూలు జ్వరం అనుకోవద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. బురదలో పనిచేశామని డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఆ ఒక్క మాటతో ఆయనకు దారి దొరుకుతుంది.

పొలం, ధాన్యం

కోతల వేళ వచ్చే తుపానుకు ధాన్యం మొలకెత్తుతుంది. పడిన వరిని, తడిసిన పనలను కాపాడటానికి వ్యవసాయశాఖ చెప్పే మార్గం 5 శాతం ఉప్పు ద్రావణం. అంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు. ఎకరాకు 200 లీటర్ల నీళ్ళు అనుకుంటే 10 కిలోల ఉప్పు. కంకులు తడిసేలా పిచికారి చేస్తే మొలక ఆగుతుంది. ముందు చేను నుండి నీరు బయటకు పోవాలి. అందుకు బోదెలు తీయాలి, డ్రెయిను పారాలి. డ్రెయినులో గుర్రపుడెక్క పేరుకుపోతే నీరు తీయవలసిన రోజుకు తీయదు. కొనుగోలు కేంద్రంలో ధాన్యానికి తేమ 17 శాతం దాటకూడదన్న నిబంధన ఉంది కాబట్టి ఆరబెట్టుకోవడానికి మెరక స్థలం, పట్టాలు ముందే చూసుకోవాలి.

సముద్రపు నీరు నిలిచిన పొలానికి మందు మంచినీరే. గట్లు వేసి కాలువ నీరు పెట్టి, నిలవబెట్టి, మురుగు కాలువలోకి వదిలేయాలి. ఇలా పలుమార్లు చేస్తే ఉప్పు కడిగిపోతుంది. నేల చౌడుబారితే భూసార పరీక్ష చేయించి జిప్సం వేయాలి. ఉప్పును కొంత తట్టుకునే జీలుగను చల్లి పూతకు ముందు కలియదున్నితే నేల గుల్లబారుతుంది.

లెక్కలో పేరు పడాలి

ఇప్పటివరకు చెప్పినవి చేతులతో చేసే పనులు. మన పెద్దవాళ్ళకు వీటిలో చాలావరకు తెలుసు. వాళ్ళు తడబడేది కాగితం దగ్గర. హాస్టల్లో చదివే మీ అవసరం అక్కడే ఎక్కువ.

ప్రభుత్వ సాయం నష్టం లెక్క తీసిన తరువాత వస్తుంది. ఆ లెక్కలో పేరు లేకపోతే సాయం లేదు. 2024లో విజయవాడలో నీట మునిగిన ఇళ్ళకు నేల అంతస్తువారికి 25 వేల రూపాయలు, పై అంతస్తులవారికి 10 వేల రూపాయలు ప్రకటించారు. ఇలాంటి లెక్క తీసేరోజు ఇల్లు తాళం వేసి ఉంటే పేరు జారిపోవచ్చు. అద్దెకుండేవారు, కాలువగట్టు మీద పట్టాలేని ఇంటిలో ఉండేవారు, పనికోసం వేరే ఊరినుండి వచ్చినవారు ముందుగా జారిపోతారు. అందుకని సిబ్బంది వచ్చే రోజులను కనుక్కుని ఇంటిలో ఒకరైనా ఉండాలి. జాబితా కార్యాలయంలో అతికించినప్పుడు పేరు, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు సరిగా ఉన్నాయో లేదో చదవాలి. మన ఇంటి పేరొక్కటే చూసుకుని వచ్చేయకండి. చదవడం రాని పక్కింటి అవ్వ పేరు, తాత పేరు కూడా చూడండి. పేరు లేకపోతే నోటితో చెప్పి రాకుండా తెల్లకాగితం మీద అర్జీ రాసి, తేదీ వేసి, అందినట్టు సంతకం లేదా రసీదు తీసుకోవాలి.

పంట విషయంలో నష్టం 33 శాతం, ఆపైన ఉంటేనే పెట్టుబడి రాయితీకి లెక్కలోకి వస్తుంది. పొలం ఎవరిదైనా సాగుచేసేవారి పేరు ఈ-పంటలో ఉండాలి. కౌలు రైతులకు 2019 చట్టం కింద పంట సాగుదారు హక్కు పత్రం ఏర్పాటు చేశారు. దానికి భూ యజమాని సమ్మతి కావలసి రావడంతో చాలామంది కౌలుదార్లకు పత్రం అందలేదు. పంట పోయినది ఒకరికి, సాయం అందేది మరొకరికి అనే మాట డెల్టాలో అందుకే వినబడుతుంది. ఇక కూలీ మాట. చేను పడిపోతే రైతుకు పంట పోతుంది, కూలీకి కోతలు, నూర్పిళ్ళ పనిదినాలు పోతాయి. ఆ పనిదినాలను రాసుకునే గడి నష్టం ఫారంలో ఉండదు. ఈ లోటును గ్రామసభలో లేచి అడగవలసింది చదువుకున్న మనమే.

కాగితాలు తడిసినా, కొట్టుకుపోయినా కంగారు పడవద్దు. తడిసిన కాగితాలను విడదీయడానికి తొందరపడకుండా నీడన ఆరనివ్వాలి. ఆధార్‌ను మళ్ళీ తీసుకోవచ్చు. పదో తరగతి మార్కుల జాబితాకు ప్రభుత్వ పరీక్షల కార్యాలయం నకలు ఇస్తుంది, హెడ్మాస్టరు గారి ద్వారా దరఖాస్తు చేయాలి. కుల ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం, ఇంటి పట్టా, రేషన్ కార్డు వీటన్నిటికీ ఫోటో తీసి ఫోన్‌లో ఒకటి, హాస్టల్ పెట్టెలో జిరాక్సు ఒకటి ఉంచుకోండి. ఇల్లు మునిగినా హాస్టల్ పెట్టెలో కాగితం మిగులుతుంది.

అప్పు దగ్గర జాగ్రత్త

సాయం వచ్చేలోగా ఇల్లు గడవాలి. పని ఉండదు, చేతిలో డబ్బు ఉండదు, వడ్డీ వ్యాపారి మాత్రం గుమ్మంలో ఉంటాడు. నూటికి 3 రూపాయలంటే తక్కువగా వినిపిస్తుంది. అది నెల వడ్డీ. ఏడాదికి 36 శాతం. 20 వేలు తీసుకుంటే నెలకు 600, ఏడాదికి 7,200 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఈ లెక్క అమ్మానాన్నలకు కాగితం మీద వేసి చూపించండి. డ్వాక్రా సంఘం అప్పు దొరికితే ముందు దానికే వెళ్ళాలి. తీసుకునే అప్పు కూడా మొదట సంపాదన తెచ్చే వస్తువుకు పెట్టాలి. ఆటో ఇంజను, కుట్టుమిషను, వల, తోపుడుబండి బాగైతే అవే మిగతావాటిని తెస్తాయి. టీవీ తరువాత కొనుక్కోవచ్చు.

చివరి మాట, చదువు గురించి

ఇంటిలో డబ్బు ఆగినప్పుడు ముందుగా ఆగేది పిల్లల చదువు. ఎవరూ మానిపించాలని అనుకోరు. "ఈ నాలుగు రోజులు బురద ఎత్తడానికి ఉండు" అంటారు. తరువాత "ఈ నెల నాన్నతో పనికి రా" అంటారు. ఆడపిల్లయితే తమ్ముళ్ళను చూసుకోవడానికి ఉండమంటారు, ఆ తరువాత సంబంధం చూస్తామంటారు. అలా నాలుగు రోజులు ఏడాదవుతుంది. ఏడాది దాటితే తిరిగి రావడం చాలా కష్టం.

అందుకే ఇల్లు శుభ్రం చేయడంలో సాయపడండి, జాబితాలో పేరు చూడండి, అర్జీ రాసిపెట్టండి, వారం పది రోజుల్లో హాస్టల్‌కు తిరిగి రండి. మీరు ఇక్కడ ఉంటే మీ తిండి భారం ఇంటి మీద ఉండదు. పుస్తకాలు పోతే వార్డెన్ గారికి చెప్పండి, పై తరగతివాళ్ళ పుస్తకాలు తీసుకోండి. బడికి రాని స్నేహితుడి ఇంటికి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళి వాళ్ళ అమ్మానాన్నలతో మాట్లాడండి. పూర్వ విద్యార్థులు కూడా ఏదైనా ఊరు మునిగిందని వినగానే ఆ ఊరి పిల్లలు మన హాస్టల్లో ఎవరున్నారో కనుక్కోండి. దుప్పటి, రెండు జతల బట్టలు, పరీక్ష ఫీజు పెద్ద ఖర్చు కాదు, అయినా ఆ సమయంలో ఒక పిల్లవాడిని బడిలో నిలబెడతాయి.

వాన పడితే రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచే చిన్నపిల్లలు, మాట తగ్గిపోయిన ముసలివాళ్ళు వరద తరువాత ప్రతి వీధిలో ఉంటారు. వాళ్ళ దగ్గర కాసేపు కూర్చోండి. మామూలు రోజులు తిరిగి వచ్చాయని వాళ్ళకు నమ్మకం కలిగేది పొయ్యి మీద అన్నం ఉడికినప్పుడు, నాన్న పనికి వెళ్ళినప్పుడు, మీరు పుస్తకాల సంచీ భుజాన వేసుకుని బస్సెక్కినప్పుడు.

ఈ సంచికను సెలవులకు ఇంటికి తీసుకువెళ్ళండి. ఇందులో పనికొచ్చే నాలుగు ముక్కలు ఇంటిలో చదివి వినిపించండి. తుపాను మళ్ళీ వస్తుంది. అప్పటికి మీ ఇంటిలో ఈ సంగతులు తెలిసినవారు ఒకరైనా ఉంటారు.